బి.కాం. పట్టా, జర్మన్ భాష, కొల్లేటి సరుకు

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండదన్న సంగతి గోదావరి జిల్లాల్లో ఇప్పుడు అందరికీ తెలుసు. నిన్నమొన్నటి దాకా అది బీటెక్ పిల్లలు చెప్పుకునే మాట. ఇప్పుడు బి.కాం., బీబీఏ చదివేవాళ్లూ వాళ్ల తల్లిదండ్రులూ అదే లెక్క వేసుకుంటున్నారు. అమెరికా ఖర్చు చూసి, అక్కడి వీసా నిబంధనలు ఎప్పుడెలా మారతాయో తెలియక వెనకాడుతున్న కుటుంబాలకు ఫీజు లేని చదువంటే ఆశ పుట్టడం సహజం. 2022-23 శీతాకాల సెమిస్టర్ నాటికి జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో చైనా వాళ్లను దాటి భారతీయులు మొదటి స్థానానికి వచ్చారు. మరుసటి ఏడాదికి మనవాళ్ల సంఖ్య 49 వేలు దాటింది. అయితే వాళ్లలో సింహభాగం ఇంజనీరింగ్ విద్యార్థులు. వాళ్లు వేసిన దారిలో కామర్స్ విద్యార్థి కళ్లు మూసుకుని నడిస్తే గమ్యం చేరడు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల నుంచి వ్యాపార విద్య కోసం వెళ్లాలనుకునే వాళ్లకు ఫీజు లేకపోవడం ఒక్కటే కారణమైతే ఆ ప్రయాణం వద్దంటాను. జర్మన్ భాష నేర్చుకుని, పుట్టిపెరిగిన ప్రాంతపు వ్యాపారాన్నే చదువుకు వస్తువుగా పెట్టుకుని వెళ్లేవాళ్లకు మాత్రం జర్మన్ మాట్లాడే దేశాలు ఇవ్వగలిగింది చాలా ఉంది. ఎందుకో వివరంగా చెప్పాలి.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. 2014లో లోయర్ సాక్సనీ రాష్ట్రం కూడా రద్దు చేయడంతో జర్మనీ అంతటా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు పోయిన మాట నిజమే. కానీ 2017 నుంచి బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. వ్యాపార విద్యకు పేరుమోసిన మాన్‌హైమ్ విశ్వవిద్యాలయం ఆ రాష్ట్రంలోనే ఉంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాలం నుంచి బయటి దేశాల వాళ్లకు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 2,000 నుంచి 6,000 యూరోల ఫీజు పెట్టింది. ఆస్ట్రియాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మనలాంటి దేశాల వాళ్లకు సెమిస్టర్ ఫీజు 726.72 యూరోలు. మిగతా జర్మనీలో ఊరిని బట్టి 100 నుంచి 400 యూరోల దాకా సెమిస్టర్ చందా కడితే చాలు. చాలాచోట్ల బస్సు, రైలు పాసు కూడా అందులోనే వస్తుంది. అసలు భారం బతుకు ఖర్చుది. వీసా కావాలంటే ఏడాదికి సరిపడా సొమ్మును ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు, అంటే యూరోను 100 రూపాయలుగా వేసుకున్నా దాదాపు 12 లక్షలు. అది ఎవరికో కట్టే ఫీజు కాదు, విద్యార్థి సొంత డబ్బే. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున తిరిగి చేతికిస్తారు. అందులోంచే ఆరోగ్య బీమాకు నెలకు 140 యూరోల పైచిలుకు పోతుంది. ఇంటికి ఇంత అని కట్టే రేడియో, టీవీ చందా నెలకు 18.36 యూరోలు ఉంటుంది. మ్యూనిక్ లాంటి నగరంలో గది అద్దెకే మిగతాదానిలో చాలా భాగం ఆవిరైపోతుంది. కనుక ఫీజు లేదన్నది చాలాచోట్ల నిజమే అయినా ఖర్చు లేదని దానికి అర్థం కాదు. చెరువు లీజు మీదో, రెండెకరాల వరి మీదో బతికే కుటుంబానికి 12 లక్షలు ఒక్కసారిగా చూపించడం మాటలు కాదు.

డబ్బు సమకూరినా అర్హత అనే గడప దాటాలి. మన ఇంటర్మీడియట్ ఒక్కటే ఉంటే జర్మన్ విశ్వవిద్యాలయం బ్యాచిలర్స్‌లో నేరుగా చేర్చుకోదు. ఇక్కడ డిగ్రీలో కనీసం ఒక ఏడాది ఉత్తీర్ణులై వెళ్లాలి, లేదా స్టూడియెన్‌కొలెగ్ అనే సన్నాహక కళాశాలలో ఏడాది చదివి పరీక్ష గట్టెక్కాలి. అందులో వాణిజ్యం, ఆర్థికశాస్త్రాల వైపు వెళ్లేవాళ్లకు వేరుగా ‘డబ్ల్యూ’ కోర్సు ఉంటుంది. ఆ కోర్సులో చేరాలన్నా జర్మన్ భాష మధ్యస్థాయి దాకా వచ్చి ఉండాలి. అందుకే మన ప్రాంతం నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి మాస్టర్స్ దారే వీలు. అక్కడ ఇంకో చిక్కుంది. మన దగ్గర బీటెక్ చేసి ఎంబీఏలో చేరడం మామూలు విషయం. జర్మనీలో మేనేజ్‌మెంట్ ఎంఎస్సీ చాలావరకు అంతకుముందు చదివిన వ్యాపార డిగ్రీకి కొనసాగింపుగా ఉంటుంది. ఇన్ని క్రెడిట్ల అకౌంటింగ్, ఇన్ని క్రెడిట్ల గణాంకశాస్త్రం, ఇంత ఆర్థికశాస్త్రం చదివి ఉండాలని ముందే షరతు పెడతారు. యూరోపియన్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. మన బి.కాం. సిలబస్‌లో అకౌంటింగ్‌కు లోటు లేదు. గణాంకశాస్త్రమూ గణిత పద్ధతులూ మాత్రం తేలిగ్గా వదిలేసే విషయాలు. డిగ్రీ మొదటి ఏడాదిలో తేలికైన ఐచ్ఛికాన్ని ఎంచుకున్న విద్యార్థికి దరఖాస్తు రోజున ఆ లోటు కనబడుతుంది. మూడేళ్ల డిగ్రీని 180 క్రెడిట్ల కింద లెక్కిస్తే, 210 అడిగే కోర్సుల తలుపులు ముందే మూసుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో ఏడాది ఆనర్స్ చదివే వీలు వచ్చింది కాబట్టి, దాన్ని వృథా సంవత్సరంగా చూసేవాళ్లు ఈ కోణంలోంచి మళ్లీ ఆలోచించాలి.

క్యాలెండర్ మీద శ్రద్ధ పెట్టకపోతే వీటన్నిటినీ దాటినవాళ్లూ ఒక ఏడాది పోగొట్టుకుంటారు. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అధికారికంగా అక్టోబర్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. పాఠాలు సాధారణంగా అక్టోబర్ మధ్యలో మొదలవుతాయి. పనికి నేరుగా ఉపయోగపడే చదువు చెప్పే అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాల్లో ఇంకా ముందే, సెప్టెంబర్‌లోనే సెమిస్టర్ మొదలవుతుంది. దరఖాస్తుకు చాలాచోట్ల జులై 15 ఆఖరు. మాస్టర్స్‌కు కొన్ని సంస్థలు అంతకన్నా ఎంతో ముందే గడువు పెడతాయి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలో ఆఖరి సెమిస్టర్ పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చి, ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో చేతికందే సరికి ఈ గడువు మీద పడుతుంది. దానికి తోడు 2022 నవంబర్ నుంచి మన విద్యార్థులు వీసాకు ముందు ఢిల్లీలోని ఏపీఎస్ అనే కేంద్రం దగ్గర సర్టిఫికెట్లు తనిఖీ చేయించుకుని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దాని రుసుము 18,000 రూపాయలు. ఆ పత్రానికి వారాలు పట్టవచ్చు. అనేక విశ్వవిద్యాలయాల తరఫున దరఖాస్తులు చూసే యూని-అసిస్ట్ సంస్థ మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30 యూరోలు తీసుకుంటుంది. వీసాకు మళ్లీ వేరే నిరీక్షణ. డిగ్రీ పూర్తయ్యాక తీరిగ్గా చూద్దాంలే అనుకుంటే అదే ఏడాది అక్టోబర్‌లో తరగతిలో కూర్చోవడం దాదాపు అసాధ్యం. కనుక డిగ్రీ రెండో ఏడాదిలోనే పని మొదలుపెట్టాలి. విద్యార్థుల మార్పిడి కింద ఒక్క సెమిస్టర్‌కు వెళ్లేవాళ్లకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. మన సెమిస్టర్ పరీక్షలు నవంబర్, డిసెంబర్‌లలో ఉంటే వాళ్ల పరీక్షలు ఫిబ్రవరిలో ఉంటాయి. ఇక్కడి పరీక్ష ఎప్పుడు రాయాలి, అక్కడి క్రెడిట్లు ఏ పేపర్ల కింద జమవుతాయి అన్నవి కళాశాల, విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా తేల్చాకే విమానం టికెట్ కొనాలి.

విమానం దిగాక మొదటి నెల గట్టి పరీక్షే. కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. ఆ నమోదు పత్రం లేకుండా బ్లాక్డ్ అకౌంట్ డబ్బు, నివాస పర్మిట్ లాంటి పనులు ముందుకు సాగడం కష్టం. అందుకే ఇల్లు దొరకడం అన్నిటికీ మొదలు. విద్యార్థి సంక్షేమ సంస్థల హాస్టళ్లు చవక, కానీ వరుసలో చాలామంది ఉంటారు. సీటు ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టుకోవాలి. తరగతుల తీరు కూడా మన కళాశాలల తీరుకు చాలా దూరం. వందలమంది కూర్చునే ఉపన్యాసం ఒకటి, దాని మీద లెక్కలు చేయించే అభ్యాస తరగతి ఇంకొకటి ఉంటాయి. చాలా సబ్జెక్టుల్లో హాజరు వేయరు, ఇంటర్నల్ మార్కులు ఇవ్వరు. రాలేదేమని ఇంటికి ఫోన్ చేసేవాళ్లెవరూ ఉండరు. సెమిస్టర్ చివర ఒక్క పరీక్ష మీదే మొత్తం మార్కులు ఆధారపడటం మామూలు. ఆ పరీక్షకు గడువులోగా విద్యార్థే నమోదు చేసుకోవాలి. మరిచిపోతే రాయనివ్వరు. ఒకే సబ్జెక్టు మూడుసార్లు తప్పితే చాలాచోట్ల విశ్వవిద్యాలయం నుంచి పేరు తీసేస్తారు, దేశంలో ఇంకెక్కడా అదే కోర్సులో చేరే వీలు కూడా పోవచ్చు. సప్లిమెంటరీలకు అలవాటుపడిన మన విద్యార్థులు దీన్ని చాలా గంభీరంగా తీసుకోవాలి. అక్కడ మార్కుల లెక్క కూడా తలకిందులు. 1.0 అందరికన్నా పైన, 4.0 పాస్, 5.0 ఫెయిల్. మన సీజీపీఏను ఒక సూత్రంతో దానిలోకి మారుస్తారు. పదికి 7.5 వచ్చి, పాస్ మార్కు 4 అయితే అక్కడ 2.25 అవుతుంది. పోటీ ఉన్న మేనేజ్‌మెంట్ కోర్సులో అది మధ్యరకం మార్కే. 7.5ను ఫస్ట్ క్లాసుగా భావించే ఇళ్లలో ఈ లెక్క ముందే తెలిస్తే తర్వాత నిరాశ తగ్గుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో చాలావరకు బీటెక్ వాళ్లకూ వర్తిస్తాయి. కామర్స్ విద్యార్థి సంగతి వేరయ్యేది భాష దగ్గర. సాఫ్ట్‌వేర్ రాసే మనిషి బెర్లిన్‌లో ఇంగ్లీషుతో నెట్టుకురాగలడు, ఎందుకంటే అతని పని కోడ్‌తో. వ్యాపార విద్య చదివినవాళ్ల పని మనుషులతో, చట్టంతో, కాగితంతో. అకౌంట్స్ జర్మన్ వాణిజ్య చట్టం ప్రకారం రాయాలి, పన్ను రిటర్నులు జర్మన్‌లో దాఖలు చేయాలి. ఉద్యోగుల ఒప్పందాలు, సరఫరాదారులతో బేరాలు, బ్యాంకుతో ఉత్తరప్రత్యుత్తరాలు అన్నీ ఆ భాషలోనే. జర్మనీ వ్యాపార వ్యవస్థ పెద్ద పేర్ల మీద నిలబడింది కాదు. అక్కడి సంస్థల్లో నూటికి 99కి పైగా చిన్నవి, మధ్యతరహావి. ఉద్యోగుల్లో సగానికి పైగా వాటిలోనే పనిచేస్తున్నారు. మిటెల్‌ష్టాండ్ అని పిలిచే ఈ కుటుంబ సంస్థలు చిన్న ఊళ్లలో ఉండి ఏదో ఒక యంత్రభాగాన్నో రసాయనాన్నో ప్రపంచమంతా అమ్ముతుంటాయి. అలాంటి సంస్థలో సేల్స్‌లోనో కొనుగోళ్ల విభాగంలోనో కుర్రాడికి చోటు దొరకాలంటే తోటి ఉద్యోగులతో మధ్యాహ్న భోజనం దగ్గర కూడా జర్మన్‌లో మాట్లాడగలగాలి. చదువుకుంటూ పనిచేసుకోవడానికి చట్టం ఇప్పుడు చాలా ఉదారంగా ఉంది. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదంటే 280 సగం రోజులు పనిచేయవచ్చు. కానీ భాష వచ్చిన విద్యార్థికి ఆ పని కంపెనీ అకౌంట్స్ విభాగంలో దొరుకుతుంది. భాష రాని విద్యార్థికి గోడౌన్లో, వంటగదిలో, ఆహార పొట్లాల డెలివరీలో దొరుకుతుంది. ఏ పనీ తక్కువ కాదు. అయితే మొదటిది రెజ్యూమెలో ఉద్యోగానికి మెట్టు అవుతుంది, రెండోది నెల అద్దె కడుతుంది అంతే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. మాస్టర్స్ కోర్సులు ఇంగ్లీషులో ఎన్నో ఉన్నాయి కదా, ఐఈఎల్‌టీఎస్ స్కోరుతో సీట్లు వస్తున్నాయి కదా, భాష అక్కడికి వెళ్లాక నేర్చుకోవచ్చు కదా అంటారు. కోర్సులు ఉన్న మాట నిజమే. కానీ నేర్చుకోవడానికి అక్కడ సమయం ఎంతుందో లెక్కేసి చూడాలి. జర్మన్ భాష నేర్పే గొయెథే సంస్థ అంచనాల్లో బి1 అనే మధ్యస్థాయికి చేరడానికి 350 నుంచి 650 పాఠాల దాకా పడుతుంది. ఉద్యోగానికి పనికొచ్చే బి2 స్థాయికి 600 నుంచి 800 పాఠాలు కావాలి. ఒక పాఠం అంటే 45 నిమిషాలు. రెండేళ్ల మాస్టర్స్‌లో సెమిస్టర్‌కు 30 క్రెడిట్ల చదువు, వారానికి 20 గంటల పని, వంట, సామాను, ప్రభుత్వ కాగితాలు పోను ఆ పాఠాలకు రోజులో మిగిలే సమయం చాలా కొద్ది. అదే ఏలూరులో బి.కాం. చదువుతూ, ఇంటి అన్నం తింటూ రోజుకొక పాఠం చొప్పున వారానికి ఐదు రోజులు చదివితే మూడేళ్లలో బి2 దగ్గరికి చేరవచ్చు. హైదరాబాద్‌లో గొయెథే జెంట్రుమ్ ఉంది, అక్కడి ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో జర్మన్ బోధన ఎప్పటి నుంచో ఉంది, ఇప్పుడు ఆన్‌లైన్ తరగతులూ ఉన్నాయి. ఈ ఖర్చు, బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 12 లక్షలతో పోలిస్తే ఏపాటి? చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలల నివాస అనుమతి ఇస్తుంది. ఆ 18 నెలల గడియారం నడుస్తుండగా వర్ణమాల దగ్గర మొదలుపెట్టడం ఎంత ప్రమాదమో తల్లిదండ్రులు ముందే ఆలోచించాలి.

కన్సల్టెన్సీలు ఈ మాట ఎందుకు గట్టిగా చెప్పవో అర్థం చేసుకోవడం కష్టం కాదు. జర్మన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఏజెంట్లకు కమీషన్ ఇవ్వవు. ఏడాదికి పది పదిహేను వేల యూరోలు, అంతకు మించీ వసూలు చేసే ప్రైవేట్ సంస్థల్లో ఇచ్చేవి ఉంటాయి. జర్మనీకి అని బయల్దేరిన కామర్స్ విద్యార్థి చివరికి ప్రైవేట్ బిజినెస్ స్కూలులో తేలడానికి ఈ ఆర్థికం ఒక పెద్ద కారణం. అన్ని ప్రైవేట్ సంస్థలూ చెడ్డవని నేననను. కానీ ఫీజు కట్టే చోటికే వెళ్లదలిస్తే, జర్మనీయే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. కోర్సు తరగతిలో జరుగుతుందా, ఆన్‌లైన్‌లోనా, వీసా అధికారులు దాన్ని ఎలా చూస్తారు అన్నది సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. జర్మన్ మాట్లాడే దేశాల్లో వ్యాపార విద్య మొదటి నుంచీ ఎగుమతులతో ముడిపడి ఉంది. లైప్‌జిగ్‌లో 1898లో మొదటి వాణిజ్య ఉన్నత విద్యాలయం వెలిసింది. అదే ఏడాది వియన్నాలో ఎగుమతి అకాడమీ మొదలైంది, అదే ఇప్పటి వియన్నా ఆర్థిక, వ్యాపార విశ్వవిద్యాలయానికి మూలం. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ కూడా ఆ 1898లోనే తన వాణిజ్య అకాడమీని స్థాపించింది. అప్పటికి ఆ పట్టణం ఎంబ్రాయిడరీతో, లేసుతో ప్రపంచమంతా వ్యాపారం చేస్తోంది. తన చేతిపనికి విదేశాల్లో విలువ నిలబెట్టుకోవాలనే ఆ పట్టణం తన పిల్లలను చదివించింది. లేసు అనగానే మనకు నర్సాపురం గుర్తు రావాలి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ కొలోన్‌లోని అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయం (ఫాఖ్‌హోఖ్‌షూలె)లో ఆచార్యురాలిగా పనిచేశారు. ఆమె నర్సాపురం చుట్టుపక్కల ఇళ్లలో క్రోషా అల్లే స్త్రీల మీద పరిశోధన చేసి 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటిపని మధ్యలో అల్లుతారు కనుక వాళ్లను కూలీలుగా ఎవరూ లెక్కించలేదనీ, వాళ్ల చేతుల మీదుగా పోయిన సరుకుతో ఎగుమతిదారులు పైకి వస్తుంటే అల్లినవాళ్లకు దక్కింది అతి కొంచెమనీ ఆమె చూపించారు. ఆ పుస్తకం ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో స్త్రీల శ్రమ గురించి చదివేవాళ్లకు సుపరిచితం. పశ్చిమ గోదావరి సరుకు ఎవరి శ్రమతో తయారై ఎక్కడికి పోతోందో కొలోన్ నుంచి వచ్చిన మనిషి చదివి చెప్పింది. ఆ సరుకు అవతలి వైపు ఎవరి చేతుల్లోకి పోతోందో, ఏ ధరకు అమ్ముడవుతోందో ఇక్కడి నుంచి కొలోన్‌కు వెళ్లి చదివే విద్యార్థి ఉండాలి కదా.

ఇప్పుడు లేసు స్థానంలో రొయ్య ఉంది. కొల్లేరు చుట్టూ, భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు వనామి రొయ్యల చెరువులకు విత్తనం నుంచి ఫీడు దాకా, కిలోకు తూగే కౌంట్‌ను బట్టి వచ్చే ధర నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ ఎగుమతి మార్కెట్ మీదే ఆధారపడి ఉన్నాయి. 2023-24లో దేశ సముద్రోత్పత్తుల ఎగుమతుల విలువ 60 వేల కోట్ల రూపాయలు దాటింది, అందులో అగ్రస్థానం శీతలీకరించిన రొయ్యది. దాన్ని కొనేవాళ్లలో అమెరికా అందరికన్నా పెద్దది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు చెరువు గట్టు మీద రైతుకు ఆ దెబ్బ తగిలింది. ఒక్క కొనుగోలుదారు మీద బతకడం ఎంత ప్రమాదమో ఆ ఆగస్టు చూపించింది. యూరప్ మార్కెట్ పెద్దదే. కానీ యాంటీబయాటిక్ అవశేషాల భయంతో 2016 నుంచి యూరోపియన్ యూనియన్ మన చెరువుల రొయ్యల సరుకులో సగాన్ని సరిహద్దు దగ్గర ఆపి పరీక్షించే నిబంధన పెట్టింది, అంతకుముందు అది 10 శాతమే. దానికి తోడు 2023 జనవరి 1 నుంచి జర్మనీ సరఫరా గొలుసు చట్టం అమల్లోకి వచ్చింది. తాము కొనే సరుకు తయారీలో మనిషి హక్కులకూ పర్యావరణానికీ హాని జరుగుతోందేమో చూడాల్సిన బాధ్యత పెద్ద కంపెనీల మీద పడింది. చట్టాన్ని సడలించాలన్న రాజకీయం అక్కడ నడుస్తూనే ఉన్నా, ఆ ప్రశ్నలు అడిగే అలవాటు జర్మన్ కొనుగోలుదారుకు కొత్త కాదు. తివాచీల తయారీలో బాలకార్మికులు లేరని చెప్పే రగ్‌మార్క్ ముద్ర 1994లో జర్మన్ల తోడ్పాటుతోనే మొదలైంది. ఉన్ని తివాచీల ఊరుగా పేరున్న ఏలూరుకు ఈ చరిత్ర సొంత విషయం.

కొల్లేటి రొయ్య ముందు ఇంకో ప్రశ్న ఉంది. 1999లో కొల్లేరు సరస్సులో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. రక్షిత ప్రాంతంలో పెంచిన రొయ్యకు యూరప్‌లో పేరున్న ధ్రువీకరణ ముద్ర దొరకడం కష్టం. కనుక ఏ రొయ్య ఏ చెరువుది, ఆ చెరువు ఏ కాంటూరులో ఉంది, అందులో ఏ మందు ఎప్పుడు వేశారు అని కాగితం మీద చూపించగలిగినవాళ్లకు బ్రెమెన్, హాంబుర్గ్ కొనుగోలుదారు దగ్గర మంచి ధర వస్తుంది. చూపించలేనివాళ్లు మధ్య దళారీ చెప్పిన ధరకు తలూపాలి. ఈ పని చేయడానికి చెరువు తెలిసిన మనిషి కావాలి, కొనేవాడి భాషా చట్టమూ తెలిసిన మనిషీ కావాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం చాలా అరుదు. మండవల్లిలోనో కలిదిండిలోనో చెరువుల మధ్య పెరిగి, బి.కాం. చదివి, బ్రెమెన్‌లో సరఫరా గొలుసు నిర్వహణ నేర్చిన అమ్మాయి ఆ అరుదైన మనిషి. ఆమె థీసిస్ విషయం ఇంటి వెనకే ఉంది. జర్మన్ ఆచార్యుడికి కూడా అది, ఇంటర్నెట్‌లో వెతికి రాసిన మార్కెటింగ్ థీసిస్ కన్నా ఎక్కువ విలువైనదిగా కనబడుతుంది.

చేపల చెరువు గట్టు మీద నుంచి పిల్లలను పైకి పంపించాలనే కదా ఇంత డబ్బు పోసేది, మళ్లీ చెరువు గట్టు దగ్గరికే రమ్మంటారా అని తల్లిదండ్రులు అడగవచ్చు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. చెరువుల్లో నష్టం చూసినవాళ్లు, వైట్ స్పాట్ తెగులుతో పంట మొత్తం పోగొట్టుకున్నవాళ్లు పిల్లలను దాని దరిదాపులకు రానివ్వకూడదనుకోవడంలో న్యాయం ఉంది. నేను రమ్మనడం లేదు. జర్మనీలోనే ఉండిపోయి ఏదైనా దిగుమతి సంస్థలో కొనుగోళ్ల అధికారిగా ఎదిగినా అది మన ప్రాంతానికి మేలే. కానీ అక్కడి ఉద్యోగ మార్కెట్‌లో మన కుర్రాడికి ప్రత్యేకత ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. జర్మన్ భాష అక్కడి పిల్లలందరికీ వచ్చు. ఎక్సెల్, పవర్‌పాయింట్ అందరికీ వచ్చు. భారతదేశంలో రొయ్య ఎలా పెరుగుతుందో, ఐస్ పెట్టి లారీలో సరుకు ఎలా పోతుందో, తాడేపల్లిగూడెం మార్కెట్‌లో ఉల్లిపాయల వేలం ఎలా సాగుతుందో, కమీషన్ వ్యాపారి రైతుకు ముందస్తు ఇచ్చి పంటను ఎలా కట్టేసుకుంటాడో వాళ్లకు తెలియదు. తాడేపల్లిగూడెం, ఏలూరు పిల్లలకు అది చిన్నప్పటి నుంచి తెలిసిన విషయం. దాన్ని నామోషీగా దాచుకుని నగరపు పిల్లల్లా కనబడాలని చూడటం వల్లే మన దరఖాస్తులన్నీ ఒకే మూసలో, ఒకే కన్సల్టెన్సీ రాసిచ్చిన ఉత్తరంలా ఉంటున్నాయి. చదవడానికి మ్యూనిక్, బెర్లిన్‌ల కన్నా చిన్న పట్టణపు అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయం మేలన్నది కూడా ఇందుకే. అద్దె తక్కువ, చుట్టూ కుటుంబ వ్యాపారాలు, వాటిలో ఇంటర్న్‌షిప్, రోజంతా జర్మన్ మాట్లాడక తప్పని వాతావరణం.

డబ్బు లేనివాళ్ల సంగతేమిటన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. చదువు రుణం తీసుకుని వెళ్లినవాళ్లకు మొదటి రెండేళ్లు గట్టి ఒత్తిడి తప్పదు. అయితే భాషకు మూడేళ్లు పెట్టినవాళ్లు తక్కువ అప్పుతో, తక్కువ భయంతో వెళతారు. బి1 దగ్గరే ఆగిపోయి జర్మనీ వద్దనుకున్నా, ఆ భాష హైదరాబాద్‌లోని జర్మన్ కంపెనీల కార్యాలయాల్లో వృథా పోదు. కనుక మొదటి పెట్టుబడి భాష మీద పెట్టడం పేద ఇంటికీ ఉన్న ఇంటికీ ఒకేలా భద్రమైన నిర్ణయం.

ఈ పని ఒక్కొక్క కుటుంబం విడివిడిగా మోయాల్సింది కాదు. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, సెయింట్ థెరిసా మహిళా కళాశాల ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో నన్నయ విశ్వవిద్యాలయం క్యాంపస్, నిట్ ఉన్నాయి. ఈ సంస్థల యాజమాన్యాలకు నా విన్నపం: బి.కాం., బీబీఏ మొదటి ఏడాది నుంచి మూడేళ్లూ నిలకడగా నడిచే జర్మన్ తరగతి కోసం చేతులు కలపండి. బి1 పరీక్ష దాకా తీసుకెళ్లండి. గణాంకశాస్త్రాన్ని ఐచ్ఛికంగా వదిలేయకుండా తప్పనిసరి చేయండి. తల్లిదండ్రులకూ ఒక మాట: కన్సల్టెన్సీకి మొదటి వాయిదా కట్టే ముందు, మీ అమ్మాయినో అబ్బాయినో జర్మన్ మొదటి మెట్టయిన ఏ1 తరగతిలో ఆరు నెలలు కూర్చోబెట్టండి. ఆ ఆరు నెలలు ఇష్టంగా చదివితే మిగతా ఖర్చుకు సిద్ధపడండి. చదవలేకపోతే ఆ 12 లక్షలు బ్యాంకులోనే ఉంచండి.